తీసిపెట్టిన బెల్లం

అది ఆదివారం. పొద్దున తొమ్మిదిన్నర. సమ్మక్క జాతర ఆ వచ్చే బుధవారమే. బొగ్గుగని కాలనీ చౌరస్తాలో, సేటు దుకాణం ముందు, టేకు దూలానికి వేలాడదీసిన పెద్ద తక్కెడలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కూర్చుంది. రెండో తట్టలో బెల్లం ఉంది. డప్పులు మోగుతున్నాయి. నేను పక్కనే కొబ్బరికాయ పట్టుకొని నిలబడ్డాను.

ఆ తరువాత జరిగింది చూసి, చేతిలో కొబ్బరికాయ ఉన్న సంగతే మరిచిపోయాను. అది ఏమైందో ఇప్పటికీ తెలియదు.

నేను అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషిని. కొత్తగా చేరిన ఆయాలకూ టీచర్లకూ పనికొచ్చేది ఏదైనా రాసివ్వమని అడిగారు. పప్పులో ఆకుకూర ఎప్పుడు వేయాలో, ఏడ్చే పిల్లను ఎట్లా పండబెట్టాలో మీరు చేస్తూ చేస్తూ నేర్చుకుంటారు. ఇది మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. పేర్లు రాయను. ఎవరు ఎవరో వాళ్ళకు తెలుసు, మీకు అక్కరలేదు.

ముందు నా సంగతి ఒక ముక్క. పనిలో చేరినప్పుడు నాది వేలిముద్ర. మా టీచర్, నాకంటే వయసులో చిన్నది, నోరు పెద్దది, ఒకరోజు మూడేళ్ళ పిల్లల వరుసలో నన్నూ కూర్చోబెట్టి బలపం చేతికిచ్చింది. "వాళ్ళ ముక్కులు తుడిచెటందుకు ఎట్లయినా పక్కనే కూసుంటవ్ గద. ఖాళీగ ఎందుకు, దిద్దు" అంది. అట్లా నలభై దాటాక అక్షరాలు పట్టుకున్నాను. నేను మొట్టమొదట చదివిన మాట 'గుడ్డు'. గోడమీది ఆహారం చార్టులో గుడ్డు బొమ్మ కింద ఉండేది. బొమ్మ చూసి చెప్తున్నానేమోనని టీచర్ దానిమీద చెయ్యి అడ్డం పెట్టింది. అయినా చదివాను. ఆ రోజునుంచి ఆ చార్టంటే నాకు భక్తి. అందులో ఏది రాసి ఉంటే అదే నిజం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, రాసిన మాటను నమ్మడంలో ఆ పిల్లకూ నాకూ తేడా లేదు.

ఆ పిల్ల వాళ్ళది మా సెంటర్ వెనక క్వార్టర్. తండ్రి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. తల్లి ఇంట్లో మిషన్ పెట్టుకొని బట్టలు కుట్టేది. తండ్రి తల్లి, మా దిక్కు బాపమ్మ అంటాం, చెన్నూరు పక్క ఊరినుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉండిపోయింది. పిల్ల గట్టి పిల్ల. మా సెంటర్‌కు వచ్చే వయసులో పక్క పిల్ల వదిలేసిన గుడ్డు కూడా అడిగి తినేది. పెద్దయ్యాక కబడ్డీలో ఆ పిల్లను ఒక్కరు పట్టి ఆపింది లేదు. సెంటర్‌లో నీళ్ళ డ్రమ్ము నేనూ టీచరూ చెరో పక్క పట్టి జరపలేక అరుస్తుంటే, వచ్చి ఒక్కతే జరిపి పోయేది. "మీరిద్దరు ఏం తింటున్నరు ఆయమ్మా, అంత పిల్లలకే పెడుతున్నరా?" అని మమ్మల్నే ఎగతాళి చేసేది.

చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చి ఆ పిల్ల చావు అంచుదాకా పోయింది. అప్పుడు బాపమ్మ సమ్మక్కకు మొక్కింది. పిల్ల బతికి పెద్దమనిషి అయితే నిలువెత్తు బంగారం ఇస్తానని. అమ్మవారి దగ్గర మేము బెల్లాన్ని బెల్లం అనం, బంగారమే అంటాం. ఎవరి పేరున మొక్కామో వాళ్ళను తక్కెడలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క అంతే బరువు బంగారం తూచి, తీసుకుపోయి అమ్మవారి గద్దె దగ్గర పెట్టాలి. పిల్ల పెద్దమనిషి అయింది. రెండేళ్ళకోసారి వచ్చే జాతర ఆ మాఘంలో ఉంది. బాపమ్మ బతుకమ్మ పండుగనాటినుంచే ఊరంతా చెప్పుకొని తిరిగింది.

ఆ జాతరకు ముందటి ఎండాకాలం పోయి బడులు తెరిచాక మాకు కొత్త సూపర్‌వైజర్ మేడం వచ్చింది. కరీంనగర్‌లో చదువుకున్న పిల్ల, కష్టపడే మనిషి. వయసు ఆడపిల్లలకు తిండి గురించి పాఠాలు చెప్పాలని పైనుంచి వస్తే, మిగతావాళ్ళు సంతకాలు తీసుకొని పోయేవాళ్ళు. ఈమె మాత్రం జంపఖానా పరిచి, పిల్లల నడుమ కూర్చొని చెప్పేది. పళ్ళెం బొమ్మ గీసేది. అన్నం ఎంత, పప్పు ఎంత, కూర ఎంత అని భాగాలు పెట్టేది. పాఠం తప్పు కాదు. మా సెంటర్‌లో నెత్తురు తక్కువై కళ్ళు తెల్లబోయిన పిల్లలు ఆ పాఠం విన్నాకే మునగాకు తిన్నారు. అది నేను కళ్ళారా చూశాను.

ఒకరోజు మేడం బరువు మిషన్ తెచ్చింది. పిల్లల ఎత్తు కొలిచి, బరువు చూసి, రెండూ కలిపి ఒక లెక్క వేస్తారట. ఆ లెక్కలో బక్కపిల్లలకు ఎరుపు, సరిపోయినవాళ్ళకు ఆకుపచ్చ, ఎక్కువున్నవాళ్ళకు పసుపు. చేతిమీద రంగు బిళ్ళ అతికించాలి. తీరా చూస్తే తెచ్చిన బిళ్ళలు పక్క సెంటర్‌లోనే అయిపోయాయి. మేడం పరేషాన్ అయింది. మా టీచర్‌కు ఉపాయాలు తొందరగా తడతాయి.

"ఆయమ్మా, జర గాజుల దుకాణానికి ఉరుకు. బొట్టుబిళ్ళలు మూడు రంగులయి తే. అతుక్కుంటే చాలు గద."

తెచ్చాను. ఒక్కొక్క పిల్ల మిషన్ ఎక్కడం, టీచర్ అంకె గట్టిగా చదవడం, మేడం లెక్క వేయడం, నేను బిళ్ళ అతికించడం. బక్కపిల్లలకు ఎరుపు బొట్టు అంటిస్తుంటే వాళ్ళు సంబరపడ్డారు. సినిమా హీరోయిన్లు అట్లనే ఉంటరని ఒకతి అంది. మేడం అది కాదమ్మా అని చెప్పబోయింది, ఆ గోలలో ఎవరు విన్నారు. ఈ పిల్లకు పసుపు వచ్చింది. స్నేహితురాలు చేతిమీది బొట్టు పీకి ఆ పిల్ల నుదుటికి అంటించి, "అందరు జరుగుండ్రే, పెద్దమ్మ వచ్చింది" అంది. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. మిగతావాళ్ళ నవ్వు ఆగిపోయాక కూడా ఇంకాసేపు నవ్వింది.

ఆ పిల్ల ఇంటికి పోతూ అరుగుమీద కూర్చున్న బాపమ్మకు ఎదురుపడితే, ఆ ముసలామె పిల్ల నుదురు చూసి మురిసిపోయింది. "పసుపు బొట్టు పెట్టి పంపిండ్రా బిడ్డా? మంచి సదువే చెప్తున్నరు" అంది.

అక్కడినుంచి ఆ పిల్ల ఒక్క పాఠం తప్పలేదు. ముందు వరుసలో కూర్చొని అన్నీ కంఠతా పట్టింది. ఇంట్లో అందరికీ పాఠం అప్పజెప్పేది. బాపమ్మ టీలో బెల్లం వేసుకుంటే ఆపేది.

"బెల్లం గూడ చక్కెరనే బాపమ్మా."

"మా అవ్వ కాలం నుంచి తింటున్నం. ఎవలు సచ్చిండ్రే?"

"అందరు సచ్చిండ్రు గద."

బాపమ్మ ఈ మాట నాకు చెప్పి చెప్పి నవ్వేది. చదువుకున్న పిల్ల, మాటల్లో ఎవరికీ అందదు అని గొప్ప. అన్నం అంటే పిండి, నూనె అంటే కొవ్వు, ఇవన్నీ ఆ ఇంట్లో మాటలైపోయాయి. పిల్ల ఏది వద్దన్నా దానికి పాఠంలోంచి ఒక మాట ఉండేది. పాఠంలో తినమన్న మాటలూ ఉన్నాయి. అవి కూడా చెప్పేది, కాని పక్కవాళ్ళకు చెప్పేది. నాకూ చెప్పింది. ఆ పిల్ల మాట విని నేను పొద్దున ఒక గుడ్డు తినడం మొదలుపెట్టాను.

పోషకాహారం మీద కాలనీ క్లబ్బులో పెద్ద మీటింగ్ పెడితే ఆ పిల్ల మైకు పట్టుకొని మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సార్లు చప్పట్లు కొట్టారు. బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. మేడం మా టీచర్ చెవిలో అంది: "ఇట్లాంటి పిల్ల సెంటర్‌కు ఒక్కతి ఉంటే నాకింక పనుండదు."

ఆ డబ్బా పట్టుకొనే బడికి పోయేది. నేను జన్మంతా గిన్నెలు కడిగినదాన్ని. వాడే డబ్బా అంచుకు పసుపు పడుతుంది, మూత సొట్టపోతుంది, ఎంత తోమినా కూర వాసన ఉంటుంది. ఆ డబ్బా నెలలు గడిచినా దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టు మెరిసేది. పిల్ల శుభ్రం అనుకున్నాను.

ఇంట్లో తినలేదేమని అడిగితే బడిలో తిన్నానని, బడిలో అడిగితే ఆయమ్మ పెట్టిందని, నేను అడిగితే బాపమ్మ తినిపించందే వదలలేదని చెప్పేది. ఎవరం ఎవరినీ అడగలేదు. తండ్రి షిఫ్టులు మారుతుంటే ఆ ఇంట్లో నలుగురూ కలిసి తిన్నది తక్కువ. తల్లి ఆ పిల్ల డ్రెస్సులకు పక్కలు లోపలికి కుట్టింది. కొన్నాళ్ళకు మళ్ళీ కుట్టింది. మా టీచర్ జాకెట్ ఇవ్వడానికి పోతే, నోట్లో దారం పెట్టుకొని చెప్పిందట: "సాగుతున్నది అక్కా. వయసు పిల్ల గద, బొద్దుతనం పోయి పొడుగు తిరుగుతున్నది." టేపు మెడలో వేసుకొని తిరిగే మనిషి. రోజూ పదిమందిని కొలిచే మనిషి.

చలి పోయింది. ఆ పిల్ల స్వెటర్ తీయలేదు. కబడ్డీ మానింది, చదువుకోవాలి అంది. నీళ్ళ డ్రమ్ము జరుపమంటే చేయి నొప్పి అంది. వీటిలో దేనికదే చిన్న మాట.

ఇక ఆ ఆదివారం.

సేటుకు దుకాణంలో కరెంటు కాంటా ఉంది. అయినా జాతర వస్తుందంటే పాత తక్కెడ బయటికి తీసి, గొలుసులకు నూనె రాసి, దూలానికి వేలాడదీస్తాడు. మిషన్‌మీద తూచిన బంగారం ఎవరి కంటికీ ఆనదు. దండ వేసిన మనిషి ఒక తట్టలో, పసుపు రాసిన బంగారం ఒక తట్టలో, రెండూ గాలిలో సమానంగా ఆగాలి. అప్పుడే మొక్కు తీరినట్టు. సేటుకు ఇంకో గొప్ప ఉంది. మనిషిని కంటితో చూసి బెల్లం ముందే పేర్చిపెడతాడు. తరువాత ఒక ముద్ద అటూ ఇటూ, అంతే. ఈ పిల్ల పుట్టినకాడినుంచి తెలుసు, ఉప్పుకూ పప్పుకూ వచ్చే పిల్ల. అందుకే పొద్దున్నే తట్ట నిండా పేర్చి, పసుపు చల్లి కూర్చున్నాడు.

తలస్నానం చేయించి, కొత్త లంగా ఓణీ కట్టి తెచ్చారు. ఆ రోజు స్వెటర్ లేదు. ఓణీ కప్పని చోట మోచేతులు కనపడ్డాయి. నా కంటికి ఏదో గుచ్చుకుంది. దండ వేసేటప్పుడు అది భుజంమీద నిలవక జారింది. పిల్ల తట్టలో కూర్చుంది. సేటు చేయి వదిలాడు.

బెల్లం తట్ట నేలమీదనుంచి లేవలేదు.

"పిల్లా, కూసున్నవా, ఇంకా నిలబడ్డవా?" అన్నాడు సేటు. అందరం నవ్వాం. ఒక ముద్ద తీసి పక్కన గోనెపట్టామీద పెట్టాడు. తట్ట కదలలేదు. ఇంకొకటి తీశాడు. పైకి చూసి గొలుసు ఎక్కడైనా పట్టేసిందా అని తడిమాడు. గొలుసు బాగానే ఉంది. ఇంకొకటి తీశాడు. డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"ఏం తీస్తున్నవ్ సేటు?" అంది బాపమ్మ. "పెట్టుడు మొక్కు గని తీసుడు మొక్కు గాదు."

"నేనేం జేత్తనవ్వా. కాంటా ఎంత అంటే గంతే."

ఇంకొకటి. ఇంకొకటి. డప్పు కొట్టేవాళ్ళలో ఒకతను ఆపేశాడు. రెండో అతను కాసేపు ఒక్కడే కొట్టి, తరువాత ఊరుకున్నాడు. ముద్దను గోనెపట్టామీద పెట్టిన చప్పుడు వినపడసాగింది. బాపమ్మ మొహం తెల్లబోయింది. అమ్మవారు మొక్కు ఒప్పుకుంటలేదని ఆమె అనుకుంటోంది. నాకూ అదే భయం వేసింది. దండం పెట్టుకుంటూ పిల్ల వైపు తిరిగాను.

పిల్ల నవ్వుతోంది.

ఒక్కొక్క ముద్ద తీస్తుంటే ఆ మొహం ఇంకాస్త విచ్చుకుంటోంది. మైకు ముందు టిఫిన్ డబ్బా అందుకున్నప్పుడు కూడా అంత నవ్వలేదు. సేటు చేయి ఆగితే, మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది:

"ఇంకొకటి తియ్యి సేటు."

చాలా చావులు చూశాను, గనిలోంచి తెచ్చిన మనుషుల్ని చూశాను. ఆ నవ్వు చూసి భయపడ్డట్టు ఎప్పుడూ భయపడలేదు.

చివరికి తక్కెడ సమానమైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తట్టలో మిగిలిన బెల్లం చూసి సేటు నోరు జారాడు: "మొన్న ఐదో తరగతి పిల్లకు గింతనే పోసిన." గోనెపట్టామీద తీసిపెట్టిన బెల్లం కుప్పగా ఉంది. పసుపు చల్లినది పసుపు చల్లినట్టే.

బాపమ్మ పోయి ఆ కుప్ప పక్కన కింద కూలబడింది. చేత్తో తడిమింది.

"నా మనుమరాలు గిక్కడున్నది" అంది.

తల్లి దగ్గరికి పోయి, "అత్తమ్మా, లేవు. నలుగురు చూస్తున్నరు. మొక్కు కానియ్యి" అని బతిమాలింది.

"ఏం మొక్కు? నేను మొక్కింది పిల్ల ఎత్తు బంగారం. కాంటా మీద ఉన్నది పిల్ల గాదు, మిగిలింది. మిగిలినదానికి తూచి ఇచ్చి అమ్మను మోసం జెయ్యాల్నా? నువ్వు కుట్టినవ్ గదనే బట్టలు. లోపటికి కుట్టుకుంట పోయినవ్. పోయిన బట్ట ఏడికి పోయిందో అడగవైతివి."

తల్లి మెడలో ఆ రోజు కూడా టేపు ఉంది, తీయడం మరిచిపోయి వచ్చింది.

మేడం ఆ రోజు మా సెంటర్ ముద్దుబిడ్డ మొక్కు కదా అని ఫోటో తీయడానికి వచ్చింది. ఫోను చేతిలో అట్లనే ఉంది. పిల్ల తట్టలోంచి దిగబోతూ ఆమెను చూసింది. ఎంత ఆశగా అడిగిందో చెప్పలేను.

"మేడం, ఇప్పుడు నాకు ఏ రంగు బొట్టు పెడ్తరు?"

మేడం ఫోను సంచిలో వేసి ముందుకు వచ్చింది. పిల్ల నేలమీద అడుగు పెట్టి, నా వైపు ఒరిగింది. పట్టుకున్నాను. కొబ్బరికాయ పోయింది అప్పుడే అనుకుంటాను. నా గొంతుదాకా ఎత్తు పెరిగిన పిల్ల. ఎత్తుకుంటే సెంటర్‌లో మూడేళ్ళ పిల్లను ఎత్తినట్టు లేచి వచ్చింది. నేను ఎక్కువ బలం పెట్టి ఎత్తానేమో, వెనక్కి తూలాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం చూసింది, గుండె చూసింది, మమ్మల్ని చూసింది. "ఇది కడుపుది ఒక్కటే కాదు, మనసుది కూడా. ఇద్దరు డాక్టర్లు కావాలి" అంది. ఇంకొన్నాళ్ళు ఆగితే గుండె ఆగేదని తండ్రిని పక్కకు పిలిచి చెప్పిందట. ఆయన గనినుంచి హెల్మెట్‌తోనే వచ్చాడు. డంపర్ నడిపే మనిషి, వార్డు గుమ్మం దాటలేక గోడ పట్టుకున్నాడు.

బాగుపడటం సినిమాలోలాగా జరగలేదు. ఒక ముద్ద తిని రెండు గంటలు ఏడ్చిన రోజులున్నాయి. నన్ను తిట్టింది, బాపమ్మను తిట్టింది. మనసు డాక్టర్ దగ్గరికి కరీంనగర్ తీసుకుపోవడం, తేవడం. ఆయన మాకు చెప్పింది ఒకటే: లావు అనకండి, సన్నం అనకండి, ఇప్పుడు బాగున్నావని కూడా అనకండి, పక్కన కూర్చొని మీరు తినండి. అంతకంటే కష్టమైన పని నేను చేయలేదు. నోరు మూసుకొని తినడం నాకు అలవాటు లేదు.

బాపమ్మ ఆ జాతరకు ఖాళీ చేతులతో పోయింది. గద్దె ముందు నిలబడి, "బాకీ ఉన్న తల్లీ, మల్ల జాతరకు పూర పిల్లను తెస్త" అని వచ్చింది. తెచ్చింది కూడా. ఆ వచ్చే జాతరకు తక్కెడ సేటు దుకాణం ముందు కాదు, వాళ్ళ క్వార్టర్ వెనక పెరట్లో కట్టారు. డప్పులు వద్దని పిల్లే అంది. తీయకుండా, ఖాళీ తట్టలో ఒక్కొక్క ముద్ద పెట్టమని బాపమ్మ అంది. పెడుతుంటే పిల్ల కళ్ళు మూసుకొని నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇంకా భయమే. ఆ భయం పూర్తిగా పోతుందని నేను అబద్ధం రాయను. కాని కూర్చుంది, చివరిదాకా దిగలేదు.

మేడం ఆ తరువాత బరువు చూసే రోజు తెర కట్టించింది. అంకె చదవడం లేదు, రంగులు లేవు. పైవాళ్ళ మీటింగ్‌లో లేచి, ఎందుకు మానేశానో నేనే చెప్తానని చెప్పింది. ఆ మాటకు ఆమెకు చీవాట్లు పడ్డాయని విన్నాను. పళ్ళెం బొమ్మ మాత్రం ఇంకా గీస్తోంది. గీయాలి కూడా.

మీకు నేను చెప్పేది పెద్దది కాదు. పాఠం బాగా అప్పజెప్పే పిల్లను మెచ్చుకొని వదిలేయకండి. ఆ పూట ఎక్కడ తిన్నదో ఇంకొకరిని అడగండి. వాళ్ళు ఏం చెప్పారో మరొకరిని అడగండి. చాడీలు చెప్పుకోవడానికి మనకు నోళ్ళు ఉన్నాయి, దీనికి ఎందుకు రావు?

ఆ ఆదివారం పొద్దున సేటు దుకాణం ముందు ఉన్నది వీళ్ళు: మొక్కిన బాపమ్మ. మెడలో టేపుతో తల్లి. పాఠం చెప్పిన మేడం. అంకె గట్టిగా చదివిన మా టీచర్. పసుపు బొట్టు నుదుటికి అంటించిన స్నేహితురాలు. కంటితో బరువు చెప్పే సేటు. డప్పు కొట్టే ఇద్దరు. బొట్టుబిళ్ళలు తెచ్చిన నేను. రోజూ ఆ పిల్లను చూసేవాళ్ళమే అందరం. తక్కెడ చెప్పేదాకా ఎవరమూ చూడలేదు. నడుమ తట్టలో, దండ జారిన భుజాలతో, ఆ పిల్ల నవ్వుతూ ఉంది.